పికప్ బండి ఎవరిది? కొన్నవాడిదా, అప్పిచ్చినవాడిదా?

మిర్చి కోతల కాలంలో తెల్లవారుజామున పల్నాటి పల్లెల్లోగాని, ఖమ్మం వైపుగాని ఏ వూరి సెంటరులో నిలబడినా ఒకే దృశ్యం కనపడుతుంది. చిన్న గూడ్సు బండ్లు వరుసగా వచ్చి ఆగుతాయి. ముఠా మేస్త్రీ కేకవేస్తాడు. ఆడకూలీలు అన్నం క్యారేజీలు పట్టుకుని వెనక తొట్టిలోకి ఎక్కుతారు. కాయ ఎండి, టిక్కీలు కట్టిన తర్వాత అవే బండ్లు మార్కెట్ యార్డు దారి పడతాయి. ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిని, తర్వాత ట్రాక్టరు చేసిన పనిని యిప్పుడు చాలావరకు యీ చిన్న బండే చేస్తున్నది.

అయితే ఒక తేడా వుంది. ఎడ్లబండి రైతుది. ట్రాక్టరు చాలాచోట్ల మోతుబరిది. యీ చిన్న బండి మాత్రం తరచుగా కూలీ యింటి కుర్రవాడిది, కౌలురైతు కొడుకుది. నాలుగేళ్ళు యింకొకరి బండి తోలి, "ఎన్నాళ్ళని జీతానికి తోలేది, మనమే ఒకటి తీసుకుందాం" అనుకుని దిగినవాడిది. 2005లో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చింది మొదలు ఒక్కొక్క కంపెనీయే యీ కుర్రవాడిని దృష్టిలో పెట్టుకుని బండ్లు తయారుచేస్తున్నది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. మహీంద్రా బొలెరో పికప్ ఎరగని వూరు లేదు.

కూలీ బిడ్డ బండికి యజమాని కావడం సంతోషించవలసిన విషయమే. కాని ఆ బండి నిజంగా అతనిది ఎప్పుడవుతుంది? షోరూంలో పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టిన రోజున కాదు. చివరి వాయిదా కట్టి, ఆర్.సి. పుస్తకంలోంచి ఫైనాన్సు కంపెనీ పేరు కొట్టివేయించిన రోజున. యీ రెండు రోజుల మధ్య నాలుగైదేళ్ళు వుంటాయి. ఆ నాలుగైదేళ్ళు అతను ఎవరికోసం తోలతాడన్నది షోరూంలో బల్లముందు కూర్చున్న ఒక్క గంటలో తేలిపోతున్నది. ధరమీద గీచిగీచి బేరమాడి ఐదువేలు తగ్గించుకున్నానని మురిసిపోయినవాడే, పక్క బల్లమీద అప్పు కాగితానికి చదవకుండా సంతకంపెట్టి తొంభైవేలు పోగొట్టుకుంటున్నాడు. అందుచేత బేరం ఎక్కడ ఆడాలి, ఎలా ఆడాలి అన్నది తెలుసుకోవలసిన విషయం.

"నెలకు ఎంత కట్టగలవన్నా?"

షోరూంలో కాలుపెట్టగానే మంచినీళ్ళు యిచ్చి, కుర్చీవేసి అడిగే మొదటి ప్రశ్న యిది. వినడానికి మన మేలుకోరి అడిగినట్టే వుంటుంది. కాని బేరమంతా యీ ప్రశ్నతోనే మన చేయి జారిపోతుంది. "పదమూడువేలు కట్టగలను" అని నోరుజారామా, యిక బండి ధర ఎంత, వడ్డీ ఎంత, బీమా ఎంత అన్న లెక్కలన్నీ వెనక్కిపోతాయి. పదమూడువేలకు సరిపోయేటట్టు సంవత్సరాలను సాగదీస్తారు. మూడేళ్ళకు తీరవలసిన అప్పు ఐదేళ్ళకు పోతుంది. "చూశావా అన్నా, నువ్వన్న పదమూడువేలకే తెచ్చాను" అంటాడు. తెచ్చింది నిజమే. రెండేళ్ళ అదనపు వాయిదాలు కూడా తెచ్చాడు.

దీనికి జవాబు ఒకటే. "నెల సంగతి తర్వాత తమ్ముడూ. బండి రోడ్డుమీదికి రావడానికి మొత్తం ఎంతవుతుందో పద్దు పద్దుగా కాగితంమీద రాసి, మీ స్టాంపు వేసి యివ్వు." ఎక్స్ షోరూం ధర, రిజిస్ట్రేషను, పన్ను, బీమా, అదనపు సామాను, డిస్కౌంటు అన్నీ విడివిడిగా రాయాలి. ఆ కాగితం చేతికి రాకుండా అప్పు మాట ఎత్తరాదు. ధర వేరే బేరం, అప్పు వేరే బేరం, బీమా వేరే బేరం, పాత బండి మార్పిడి వుంటే అది యింకొక బేరం. నాలిగింటినీ ఒకే గంపలో కలిపితే ఎక్కడ యిచ్చాడో, ఎక్కడ లాక్కున్నాడో తెలియదు.

యిక్కడ ఆ సేల్స్ కుర్రాడిమీద కోపం పెట్టుకుని లాభం లేదు. అతనూ జీతగాడే. నెలాఖరుకు యిన్ని బండ్లు అమ్మాలని అతని మెడమీదా కత్తి వుంది. అసలు సంగతి ఏమిటంటే షోరూముకు బండి అమ్మితేనే కాదు, అప్పు కుదిర్చినందుకు ఫైనాన్సు కంపెనీనుండి, బీమా చేయించినందుకు బీమా కంపెనీనుండి కూడా కమీషను ముడుతుంది. కాబట్టి ధరలో వదులుకున్నది అక్కడ రాబట్టుకునే వీలుంది.

10 శాతం అంటే 10 శాతమేనా?

ఒక లెక్క చూద్దాం. 5 లక్షల అప్పు, నాలుగేళ్ళు, వడ్డీ 10 శాతం. యిదే మాటను రెండు రకాలుగా చెప్పవచ్చు.

మొదటిది బ్యాంకు పద్ధతి. నెలనెలా మనం కట్టేకొద్దీ అసలు తగ్గుతుంది, తగ్గిన అసలుమీదనే వడ్డీ వేస్తారు. యీ లెక్కన నెలకు సుమారు 12,680 రూపాయలు. నాలుగేళ్ళలో కట్టే వడ్డీ సుమారు 1,08,700.

రెండవది ఫ్లాట్ రేటు. రెండేళ్ళు గడిచి అసలులో దాదాపు సగం తీరిపోయినా, వడ్డీ మాత్రం మొదటిరోజున తీసుకున్న 5 లక్షలమీదనే వేస్తూ పోతారు. ఏడాదికి 50 వేలు, నాలుగేళ్ళకు 2 లక్షలు. మొత్తం 7 లక్షలను 48 నెలలకు పంచితే నెలకు 14,583. రెండింటికీ తేడా నెలకు 1,900 పైచిలుకు. మొత్తం మీద 91 వేలు. బ్యాంకు పద్ధతిలో లెక్కకడితే యీ "10 శాతం" అసలు పేరు సుమారు 17.6 శాతం. వూళ్ళో వడ్డీవ్యాపారి నూటికి రూపాయిన్నర అన్నా యింతకంటే పెద్దగా ఎక్కువ కాదు. తేడా అల్లా, వీడికి ఏసీ గది వుంది, గోడమీద దేవుడి పటంపక్కన కంప్యూటరు వుంది.

అక్కడితో ఆగడంలేదు. ప్రాసెసింగు ఫీజు, స్టాంపు ఖర్చు, "డాక్యుమెంటు చార్జీ" అంటూ ముందే పట్టుకుంటారు. కొన్నిచోట్ల రెండు వాయిదాలు ముందుగానే మినహాయిస్తారు. పై లెక్కలో రెండు వాయిదాలు మినహాయిస్తే చేతికి వచ్చేది 4,70,834. వడ్డీ మాత్రం 5 లక్షలకు.

యీ మోసం తెలియక జరుగుతున్నదే గాని, తెలుసుకునే దారి లేక కాదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో యిచ్చిన ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు యిలాంటి అప్పులు యిచ్చేముందు ముఖ్య వివరాల పత్రం ఒకటి అప్పుదారుకు యివ్వాలి. అన్ని ఖర్చులూ కలిపితే సాలుకు పడే అసలు వడ్డీ రేటు ఎంతో అందులో వుండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో వుండాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుండాలి. అందులో రాయని చార్జీని అప్పుదారు స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయరాదు. "యిప్పుడే సంతకం పెట్టకపోతే ఆఫరు పోతుందన్నా" అన్నవాడికి చెప్పవలసిన మాట: "ఆ పత్రం తెలుగులో యివ్వు తమ్ముడూ, యింటికి తీసుకుపోయి మావాళ్ళచేత చదివించుకుని వస్తాను." ఆ మాట అన్నంతమాత్రాన మాట తీరు మారితే, అతను యివ్వబోయిన అప్పు ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది.

షోరూం గడప తొక్కకముందే బ్యాంకు గడప తొక్కాలి. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసింది, 1975లో గ్రామీణ బ్యాంకులను పెట్టింది యిందుకే. యిప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి రాష్ట్రానికి ఒక్కొక్కటిగా అయినవి. 2015లో ప్రారంభమైన ముద్ర పథకం కింద బాడుగకు తిప్పుకునే గూడ్సు బండికి అప్పు అడగవచ్చు. 10 లక్షల వరకు బండి తనఖా తప్ప వేరే ఆస్తి పూచీ వుండనక్కరలేదు. బ్యాంకు మేనేజరు తిప్పుతాడు, కాగితాలు అడుగుతాడు, నిజమే. పది రోజులు తిరిగినా నష్టం లేదు. అప్పు చివరకు అక్కడ దొరకకపోయినా, అక్కడి రేటు మన జేబులో వుంటే ఫైనాన్సు బల్లముందు బేరమాడే బలం వస్తుంది.

సంతకాల దగ్గర మూడు జాగ్రత్తలు. ఖాళీ కాగితంమీద, ఖాళీ ఫారంమీద సంతకం పెట్టరాదు. ముందుగా అప్పు తీర్చేస్తే ఎంత జరిమానా వేస్తారో రాయించుకోవాలి. వాయిదా తప్పితే వేసే చార్జీ ఎంతో తెలుసుకోవాలి. 2024 నుండి ఆ జరిమానాను వడ్డీలో కలిపి దానిమీద మళ్ళీ వడ్డీ వేయడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించింది. ఒకవేళ వాయిదా తప్పినా రౌడీలను పెట్టి దారిలో బండి గుంజుకుపోయే హక్కు ఎవరికీ లేదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోనుచేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. యివి ప్రతి బండివాడికీ నోటికి రావాలి.

ముందు సరుకు, తర్వాత బండి

"ఏ బండి మంచిది?" అని అడిగితే ఎవరి బండి గురించి వారు చెబుతారు. అడగవలసిన ప్రశ్న "నేను తోలబోయే సరుకు ఏమిటి?" అన్నది.

75 కిలోల ధాన్యం బస్తాలు ముప్పావు టన్ను బండిలో పదే పడతాయి. టన్నున్నర బండిలో యిరవై. ధాన్యం, సిమెంటు, యిటుక తోలేవాడికి బరువు ముఖ్యం. వెనక కమాను కట్టలు, టైర్ల సైజు, పర్మిషను వున్న లోడు చూసుకోవాలి. మిర్చి టిక్కీలు, పత్తి, పశుగ్రాసం, కూరగాయల ట్రేలు తోలేవాడికి బరువు నిండకముందే తొట్టి నిండుతుంది. వీడికి తొట్టి పొడవు ముఖ్యం. కూరగాయలు రోజూ పట్నానికి వేసేవాడికి మైలేజీ ముఖ్యం. డొంకల్లో, వానాకాలపు బురదలో తిరిగేవాడికి నేలకు బండికి మధ్య ఎత్తు ముఖ్యం. యీ లెక్క లేకుండా "పెద్దది తీసుకుంటే పోలా" అని ఎగబడినవాడు ఖాళీ తొట్టికి డీజిలు పోస్తాడు. చిన్నది తీసుకున్నవాడు లోడు ఎక్కువ వేసి కమాన్లు విరగ్గొట్టుకుంటాడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు అని రాసివుంది. వసూలుచేసే మొత్తం రాష్ట్రాన్నిబట్టి మారినా, లోడు ఎక్కించిన రైతు ఆ జరిమానా కట్టడు, బండివాడే కట్టాలి.

యింకొక సంగతి. బండి, లోడు కలిపి మొత్తం 3,000 కిలోలు దాటని గూడ్సు బండికి ఆ చట్టం 66వ సెక్షను ప్రకారం పర్మిటు అక్కరలేదు. ఆ గీత దాటితే పర్మిటు, దాని ఖర్చు, దాని చుట్టూ తిరగడం. కొద్దిపాటి అదనపు లోడుకోసం గీత దాటాలా వద్దా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

డీజిలా, పెట్రోలా, గ్యాసా, బ్యాటరీయా అన్నదికూడా యిట్లాంటిదే. గ్యాసు కిలోమీటరుకు చౌక కావచ్చు. బంకు పాతిక కిలోమీటర్ల అవతల వుంటే ఆ చౌక దారిలోనే పోతుంది. బ్యాటరీ బండి పట్నంలో రోజూ ఒకే దారిన తిరిగేవాడికి పనికిరావచ్చు. సీజనులో ఒకేరోజు మూడు యార్డులు తిరిగేవాడు దాని చార్జింగు లెక్క వేసుకోవాలి. 2020 ఏప్రిల్ నుండి వస్తున్న బి.ఎస్.6 డీజిలు బండ్లలో పొగను వడగట్టే యంత్రాలు వున్నవి. వూళ్ళో మెకానిక్కు చేయి పెట్టలేడు. కాబట్టి కంపెనీ సర్వీసు సెంటరు ఎంత దూరంలో వుందో చూసుకోవాలి.

కావలసినవీ, అంటగట్టేవీ

అదనపు హంగులు రెండు రకాలు. తోలేవాడి ఒంటికి, బండి ఆయువుకు పనికివచ్చేవి ఒక రకం. షోరూం లాభానికి పనికివచ్చేవి యింకొక రకం.

పవర్ స్టీరింగు మొదటి రకం. రోజుకు పన్నెండు గంటలు లోడుతో తోలేవాడి భుజాలు అడగండి, చెబుతాయి. ఏసీ క్యాబిను విలాసమని నవ్వేవాళ్ళున్నారు. మూడున్నర టన్నులు దాటిన లారీల డ్రైవరు క్యాబినుకు 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే బండ్లలో ఏసీ వుండి తీరాలని కేంద్రం నిబంధన పెట్టింది. చిన్న బండికి ఆ నిబంధన లేదు. మే నెల ఎండ మాత్రం చిన్న బండికీ పెద్ద బండికీ ఒకటే. డబ్బుకు తట్టుకోగలిగితే యిది దండగ ఖర్చు కాదు. మంచి టార్పాలిను, స్టెప్నీ, జాకీ, తొట్టి అడుగున గట్టి రేకు కూడా మొదటి రకమే. యివి బేరంలో ఉచితంగా అడగవలసినవి.

సీటు కవర్లు, పాటల పెట్టె, రంగు బల్బులు, "కోటింగు" పేరుతో పూసే పూతలు రెండవ రకం. బయట సగం ధరకు దొరికే సామాను కూడా వుంటుంది. ముందుభాగాన బిగించే యినుప గార్డు సంగతి మరీ విచిత్రం. అటువంటి గార్డులు చట్టవిరుద్ధమని, చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రాలకు రాసింది. అయినా అమ్ముతున్నారు. కొన్నవాడు డబ్బూ యివ్వాలి, జరిమానా భయమూ మోయాలి.

"హ్యాండ్లింగు చార్జీలు" అని ఒక పద్దు కనపడితే, అది ఏ చట్టం కింద అని అడగండి. ప్రభుత్వానికి కట్టే పన్ను, ఫీజులకు రసీదు వుంటుంది. దీనికి వుండదు. కొట్టివేయించాలి.

ధర దగ్గర

2025 సెప్టెంబరు 22 నుండి గూడ్సు వాహనాలమీద జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 6 లక్షలున్న బండి అంతకుముందు 7,68,000, తర్వాత 7,08,000. అంటే 60 వేల తేడా. యిది ప్రభుత్వం తగ్గించిన పన్నేగాని, షోరూంవారి దయ కాదు. "మీకోసం స్పెషల్ డిస్కౌంటు" అన్నప్పుడు అది యీ తగ్గింపేనా, దానిపైన మరేమన్నా వుందా అని విడదీసి అడగాలి.

ఒకే కంపెనీ బండికి రెండు మూడు వూళ్ళలో షోరూములుంటాయి. నరసరావుపేటలో ఒక కాగితం, గుంటూరులో ఒక కాగితం, విజయవాడలో ఒక కాగితం తీసుకోవాలి. బస్సు చార్జీకి వెనకాడరాదు. నెలాఖరున, మార్చి ముగింపున, సంవత్సరం చివరన అమ్మకం లెక్కలు చూపవలసిన తొందర వాళ్ళకు వుంటుంది. మనకు తొందర లేకుండా చూసుకోవాలి. కోతలు మొదలయ్యాక పరుగెత్తేవాడు బేరమాడలేడు.

సంవత్సరం మారిన తర్వాత పాత ఏడాది తయారైన బండిని కొత్త ధరకు అంటగట్టడం కద్దు. అమ్మకపు ధృవపత్రమైన ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం రాసివుంటుంది. డబ్బు మొత్తం కట్టేముందే బండి దగ్గరకుపోయి చాసిస్ నెంబరు, తయారీ నెల చూసుకోవాలి. పాతదైతే ఆ మేరకు ధర తగ్గాలి. అమ్మబోయేనాడు మనకు ఆ సంవత్సరమే లెక్కకు వస్తుంది.

తొట్టిలో ఎక్కినవాళ్ళ సంగతి

యిప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. బండివాడికీ, బండి ఎక్కే కూలీకీ సంబంధించినది.

బీమా షోరూంలోనే చేయించాలన్న నియమం లేదు. నచ్చిన కంపెనీ దగ్గర చేయించుకోవచ్చునని, డీలరు ఒత్తిడి చేయరాదని 2017లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు యిచ్చింది. అదే బండికి బయట రేటు కనుక్కుని చెబితే, షోరూం రేటు తగ్గడం చాలాసార్లు చూస్తాం.

కాని రేటుకంటె ముఖ్యం బీమా ఎవరికి వర్తిస్తుందన్నది. గూడ్సు బండిలో ఎక్కిన కూలీ ప్రమాదంలో చనిపోతే బీమా కంపెనీ యిస్తుందా? 1994 సవరణ తర్వాత చట్టం సరుకు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ యిచ్చింది. గూడ్సు బండిలో పోయే మిగతా మనుషులకు కూడా వర్తిస్తుందని 1999లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. 2002లో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దానిని తోసిపుచ్చింది. కాబట్టి యీనాడు కోతకు పోతూ తొట్టిలో ఎక్కిన యిరవై మంది కూలీలకు ఆ బీమా వర్తించదు. ప్రమాదం జరిగితే బాధ్యత బండి యజమానిమీద పడుతుంది. బండి యజమాని అంటే ఎవరు? పై చెప్పిన కూలీ బిడ్డే. చనిపోయినది కూలీ తల్లి, కోర్టులో ప్రతివాది కూలీ కొడుకు. బీమా కంపెనీ, కూలీలను రప్పించుకున్న ఆసామి పక్కన నిలబడి చూస్తారు.

అందుచేత బండి కొనే కుర్రవాడు ముందే తేల్చుకోవాలి. "మనుషులను కూడా వేసుకుంటే వాయిదా ఎల్లిపోతుంది" అన్న లెక్కమీద బండి కొనరాదు. ఆ బాడుగ లేకుండా నిలబడని బేరం అసలు బేరమే కాదు. బండిమీద పనిచేసే క్లీనరు, ఎత్తుడు దింపుడు హమాలీలకు మాత్రం అదనపు ప్రీమియం కట్టి బీమాలో చేర్పించవచ్చు. తలకు యింత అని లెక్క, పెద్ద మొత్తం కాదు. షోరూంవారు తమంత తాము చెప్పరు. అడిగి రాయించుకోవాలి. పాటల పెట్టెకు పెట్టే డబ్బు యిక్కడ పెట్టాలి.

లైసెన్సు విషయంలోకూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు లైట్ మోటారు వాహనం లైసెన్సు వున్నవాడు 7,500 కిలోల లోపు గూడ్సు బండి తోలవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ వంకతో బీమా ఎగ్గొట్టడం యిక కుదరదు.

బాడుగ ఎవరి చేతిలో వుంటే బండి వాడిది

అప్పు ఒక్కటే సంకెల కాదు. ముందు కట్టవలసిన లక్షో, లక్షన్నరో ఎక్కడినుండి వస్తున్నది? చాలాచోట్ల కమీషను వ్యాపారి యిస్తాడు, లేదా పెద్దరైతు పూచీ వుంటాడు. కాగితం వుండదు. మాట మాత్రం వుంటుంది: "మన సరుకు ముందు తోలాలి, బాడుగ సంగతి మనం మనం చూసుకుందాం." వూరంతా టిక్కీకి ఒక రేటు పలుకుతుంటే యితనికి అంతకంటె తక్కువ. కాదంటే పూచీ వెనక్కి తీసుకుంటానంటాడు. యీ పద్ధతికి పాతకాలంలో పాలేరుతనం అని పేరు. యిప్పుడు నాలుగు చక్రాలు వచ్చినవి.

ఒకే చోటునుండి వచ్చే ఆదాయాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో రేషను బండ్ల విషయంలో చూశాం. 2021 జనవరి 21న అప్పటి ప్రభుత్వం యింటింటికీ రేషను పంపిణీకి 9,260 బండ్ల పథకం ప్రారంభించింది. బండి ధరలో 60 శాతం సబ్సిడీ, 10 శాతం లబ్ధిదారు వాటా, మిగిలింది బ్యాంకు అప్పు. బండ్లు పొందినవారిలో దళిత, గిరిజన, వెనుకబడిన కులాల, మైనారిటీ యువకులు వున్నారు. ప్రభుత్వం మారింది. 2025 జూన్ 1 నుండి రేషను మళ్ళీ చౌకధరల దుకాణాల దగ్గరే యిస్తున్నారు. బండ్లు లబ్ధిదారులకే వదిలేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. బండివాడి వైపునుండి చూస్తే మాత్రం పాఠం ఒకటే. బాడుగ యిచ్చే చేయి ఒక్కటే అయినప్పుడు, ఆ చేయి ముడుచుకున్న రోజున బండి వీధిన పడుతుంది.

అందుకని కొనకముందే ఒక కాగితంమీద యీ లెక్క వేసుకోండి. డీజిలు, డ్రైవరు బత్తా పోను ఒక ట్రిప్పుకు 700 మిగులుతుందనుకుందాం. పైన చెప్పిన 14,583 వాయిదాకు నెలకు 21 ట్రిప్పులు కావాలి. బీమా, పన్ను, టైర్లు, రిపేర్లకు నెలకు 5 వేలు పక్కన పెడితే 28 ట్రిప్పులు. అప్పటికి యింటికి ఒక్క రూపాయి రాలేదు. ఫిబ్రవరినుండి మే వరకు నలభై ట్రిప్పులు పడవచ్చు. ఆషాఢ శ్రావణాల్లో పది పడతాయా? బాడుగ సీజనుకు వస్తుంది, వాయిదా నెలనెలా వస్తుంది. బండ్లు పోయేది యిక్కడే. ట్రాక్టరు అప్పులకు మూడు నెలలకో, ఆరు నెలలకో వాయిదా పెట్టే పద్ధతి వుంది. పంటలమీద బతికే గూడ్సు బండికి కూడా అటువంటి వాయిదాలు అడగాలి. యివ్వకపోతే, కోతల కాలంలో వచ్చిన దానిలోంచి మూడు వాయిదాల డబ్బు కదపకుండా నిలవ వుంచుకోగలనా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. జవాబు "లేదు" అయితే యీ ఏడు ఆగడం ఓటమి కాదు.

సంఘాలు చేయవలసిన పని

యింతవరకు చెప్పినదంతా ఒక్కడు చేయగలిగింది కొంతే. షోరూంలో ఒంటరిగా కూర్చున్నవాడు, పైగా చదువు అంతంతమాత్రం వున్నవాడు ఎంత బేరమాడగలడు? కూలిరేటుకు ఒక్కడు బేరమాడితే ఆసామి నవ్వుతాడు, ముఠా అంతా కలిసి అడిగితే కూర్చుని మాట్లాడతాడు. బండి బేరంకూడా అంతే.

మండలంలో యీ ఏడు బండి కొనాలనుకునేవారు నలుగురైదుగురు వుంటారు. వ్యవసాయ కార్మిక సంఘం, రైతు సంఘం కార్యకర్తలు వారిని ఒకచోట కూర్చోబెట్టాలి. యింతకుముందు కొన్నవారి కాగితాలు తెప్పించి, ఎవరికి ఎంత వడ్డీ పడిందో, ఏ పద్దుకింద ఎంత కట్టారో అందరిముందు చదవాలి. ఐదుగురూ ఒకేరోజున ఒకే షోరూముకు పోయి ఐదు బండ్లకు ఒక ధర అడగాలి. లెక్క తెలిసిన టీచరునో, బ్యాంకు ఉద్యోగినో వెంట తీసుకుపోవాలి.

ప్రభుత్వాలను అడగవలసినవి కూడా వున్నవి. సహకార సంఘాలు, గ్రామీణ బ్యాంకులు చిన్న బండ్లకు పంటకాలాన్నిబట్టి వాయిదాలు పెట్టి అప్పులివ్వాలి. ముఖ్య వివరాల పత్రం తెలుగులో యివ్వని ఫైనాన్సు కంపెనీలపై చర్య తీసుకోవాలి. కోతల కాలంలో కూలీలను పొలాలకు చేర్చడానికి ఆర్టీసీ పల్లెదారుల్లో తెల్లవారుజామున బస్సులు నడపాలి. కూలీని గూడ్సు బండిలో ఎక్కకూడదని చెప్పి వూరుకుంటే చాలదు. ఎక్కకుండా పనికి పోయే దారి చూపాలి.

బండి కొనవద్దని యిక్కడ ఎవరూ చెప్పడంలేదు. తాళంచెవి చేతిలో పెట్టినప్పుడు ఫొటో దిగుతాం. ఆ ఫొటో గోడకు తగిలించేముందు, అప్పు కాగితం ఒకటికి రెండుసార్లు చదివించుకుందాం.